పచ్చ అర్థ నిర్ధారణ సంఘం

కొండవాగుపేట పురపాలక సంఘంలో డ్రైవరు గొర్లె పోలినాయుడు మీద ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. ఆయన చేతి కింద జీపులు ముసలివై పోయాయి గానీ, వాటిలో కూర్చున్న కమిషనర్లలో ఒక్కరికైనా నుదుటి మీద బొప్పి కట్టలేదు. ఎదురుగా పెళ్ళి ఊరేగింపు వస్తే బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, పెళ్ళికొడుకు దాటేదాకా చేతులు కట్టుకుని కూర్చునే మనిషి. మనుషుల వెనక నిలబడి హారను కొట్టడం మర్యాద తక్కువ పని అని ఆయన నమ్మకం. అలాంటి పోలినాయుడు ఒక సోమవారం ఉదయం బ్యాండుమేళం వాయిస్తుండగా, ఊరి పెద్దలందరూ చూస్తుండగా, ప్రత్యేకాధికారిగారి కొత్త కారును తీసుకువెళ్ళి గడ్డిమోపుల ట్రాక్టరుకు గుద్దాడు.

ప్రత్యేకాధికారిగారి పేరు ఆకొండి త్రివిక్రమరావు. పాలకవర్గం గడువు తీరిపోయి, ఎన్నికలు జరగక, ఊరు ఆయన చేతికి వచ్చింది. ఆయనకు తెలుగంటే ప్రాణం. సంతకం తెలుగులోనే చేసేవారు, ఇంటిపేరుతో సహా, కింద గీత గీసి మరీ. ఊళ్ళో మొట్టమొదటిసారిగా గడియార స్తంభం కూడలిలో సిగ్నలు దీపాలు పెట్టినప్పుడు, కాంట్రాక్టరు దాంతోపాటు ఇంగ్లీషు బోర్డు ఒకటి తెచ్చాడు. త్రివిక్రమరావుగారు దాన్ని వెనక్కి పంపించి, తామే స్వయంగా రాసి ఇచ్చారు.

"ఎర్ర దీపము వెలిగినయెడల ఆగవలెను. పచ్చ దీపము వెలిగినయెడల కదలవలెను."

మధ్యలో ఉన్న మూడో దీపం గురించి ఏమీ రాయలేదేమని ఇంజనీరు అడిగితే, "పౌరులను అనవసరంగా గందరగోళపెట్టకండి" అన్నారు.

ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించి, ఆయన కారు వెనక సీట్లో కూర్చున్నారు. ఆ కూడలిని నిబంధన ప్రకారం దాటే మొట్టమొదటి వాహనం వారిదే కావాలని నిర్ణయం. ఎర్ర దీపం వెలుగుతోంది. పోలినాయుడు కారును గీత దగ్గర ఆపాడు.

"బోర్డు చదివావు కదా నాయుడూ?"

"సదివినాను బాబూ."

ఎర్ర దీపం ఆరింది. మధ్య దీపం వెలిగింది. పోలినాయుడు బోర్డు వైపు ఒకసారి, దీపం వైపు ఒకసారి చూసి, కారు కదిలించాడు. అడ్డరోడ్డులోంచి అప్పుడే గడ్డి ట్రాక్టరు వస్తోంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మోపులు కట్టిన తాళ్ళు తెగి, గడ్డంతా కారు మీద పడింది. కిటికీ అద్దం దించి జనానికి నమస్కారం పెడుతున్న త్రివిక్రమరావుగారు గుండెల దాకా గడ్డిలో మునిగిపోయారు. ఇది కూడా కార్యక్రమంలో భాగమేమోనని బ్యాండువాళ్ళు కొంతసేపు వాయిస్తూనే ఉన్నారు.

మధ్యాహ్నం పోలినాయుడిని గదిలోకి పిలిచారు. ప్రత్యేకాధికారిగారి చెవి వెనక ఇంకా ఒక గడ్డిపోచ ఉంది. దాని సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఆఫీసులో ఎవరికీ లేకపోయింది.

"దీపం ఏ రంగులో ఉండగా కదిలావు?"

"పచ్చరంగులో బాబూ."

"అది పసుపు."

"అవును బాబూ. పచ్చే."

"పసుపు వేరు, పచ్చ వేరు."

"మా ఊర్లో పసుపుకొమ్ము నూరితే పచ్చగుందంటారు బాబూ. మా అమ్మ పచ్చకోకంటే అదే రంగు. పచ్చకామెర్లొచ్చినోడి కళ్ళూ అదే రంగు."

"మరి ఆకు ఏ రంగు?"

"ఆకుపచ్చ. ఆకులాటి పచ్చ." పోలినాయుడు కాస్త సందేహించి అన్నాడు, "తమరు బోర్డు మీద ఆకు రాయలేదు గదా బాబూ."

త్రివిక్రమరావుగారు నిఘంటువు తెప్పించారు. అందులో రెండర్థాలూ పక్కపక్కన ఉన్నాయి. ఆయన దాన్ని మూసి బల్ల చివరికి జరిపి, "ఈ గ్రంథం బాధ్యతారహితంగా ఉంది" అన్నారు.

చిక్కు ఎక్కడంటే, పచ్చ అంటే ఆకు రంగే అయితే తప్పు డ్రైవరుది. పసుపు రంగు కూడా అయితే తప్పు బోర్డు రాసినవారిది. బోర్డు రాసినవారే విచారణాధికారి. అయినా ఆయన న్యాయం తెలిసిన మనిషి. తన తప్పు ఉందో లేదో తానొక్కరే తేల్చుకోవడం పక్షపాతమవుతుందని, అందుకోసం ఒక సంఘం వేసి, దానికి తానే అధ్యక్షుడయ్యారు. దాని పేరు పచ్చ అర్థ నిర్ధారణ సంఘం. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. "సదరు పచ్చ అను పదమునకు అర్థము నిర్ధారణ అగునంతవరకు సదరు డ్రైవరును విధుల నుండి తప్పించి ఉంచడమైనది."

పోలినాయుడు ఇంటికి వెళ్ళేసరికి భార్య పైడమ్మ రేపటి సరుకు బుట్టల్లో సర్దుకుంటోంది. ఆమెది బజారులో కూరగాయల దుకాణం. గొంతు పెద్దది. బజారు ఈ చివర ఆమె కేక వేస్తే ఆ చివర బేరం కుదిరేది.

"ఏటి మావా, ఇంత పెందలాడే వచ్చీసినావు?"

"సస్పెండు సేసినారు."

"ఎన్నాళ్ళకి?"

"పచ్చంటే ఏటో తేలీదాకా."

ఆమె బుట్ట కింద పెట్టింది. "పచ్చంటే పచ్చే. అందులో తేలడానికేటుంది?"

"నానూ అదే అన్నాను. రాసుకున్నారు."

సంఘంలో ఇద్దరు నిపుణులను సభ్యులుగా వేశారు. ఒకరు డాక్టర్ చెరుకుమిల్లి హయగ్రీవం, కళాశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవారు. పచ్చ అంటే ఆకు రంగేననీ, పసుపుకు ఆ పేరు పెట్టడం చారిత్రక దురాక్రమణ అనీ ఆయన సిద్ధాంతం. రెండోవారు ఆచార్య కందాళ మణిమాల. పచ్చ అంటే మొదట పసుపేననీ, ఆకులు తర్వాత వచ్చి చేరాయనీ ఆమె వాదన. ఆకులు తర్వాత రావడమేమిటని హయగ్రీవంగారు ఒక సభలో అడిగినప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఒకరితో ఒకరు చెప్పదలచుకున్నది అధ్యక్షులవారికి చెప్పేవారు. ఆయన మధ్యలో కూర్చుని ఇటు విని అటు చెప్పేవారు.

క్షేత్ర పర్యటన లేకుండా అర్థం తేలదని మొదటి సమావేశంలోనే తీర్మానించారు. కారు బాగయి వచ్చింది గానీ నడిపేవాడు లేడు. పురపాలక సంఘంలో డ్రైవరు పోస్టు ఒకటే, అందులో ఉన్నది సస్పెండైన పోలినాయుడే. సూపరింటెండెంటు కామేశ్వర పట్నాయక్ నిబంధనలన్నీ తిరగేసి దారి కనిపెట్టాడు. నిందితుడు ఉద్యోగిగా కారు నడపకూడదు గానీ, ఉద్యోగి కానివాడిగా నడపకూడదని ఎక్కడా లేదు.

"రెండింటికీ తేడా ఏటి బాబూ?" అని పోలినాయుడు అడిగాడు.

"ఖాకీ చొక్కా వేసుకోకు."

అందుకని పోలినాయుడు పండక్కి కొనుక్కున్న పూల చొక్కా వేసుకుని, తన తప్పు మీద విచారణ జరిపే సంఘాన్ని కారులో ఊరూరా తిప్పసాగాడు. ఎక్కడికెళ్ళినా ముందు ఆయన్నే చూపించి, "నిందితుడు" అని పరిచయం చేసేవారు. జనం ఆయన చొక్కా చూసి, ఈయనే పెద్ద అధికారి కాబోలని ముందు ఆయనకే నమస్కారం పెట్టేవారు.

మొదట ఒక పొలానికి వెళ్ళారు. గట్టు మీద ఒక ముసలి రైతు నీరు మళ్ళించుకుంటున్నాడు.

"ఈ వరి ఏ రంగులో ఉంది?" అని హయగ్రీవంగారు ఆకుమడి చూపించి అడిగారు.

"పచ్చగుంది బావూ."

హయగ్రీవంగారు ఆకాశంలోకి చూసి చిరునవ్వు నవ్వారు. మణిమాలగారు పక్కచేలో కోతకొచ్చిన మడి చూపించారు. "మరి అది?"

"అదీ పచ్చబడింది గదమ్మా. ఇంక కోసీడమే."

"రెండింటిలో అసలైన పచ్చ ఏది? ఒక్కటే చెప్పాలి. రెండూ అంటే కుదరదు" అన్నారు అధ్యక్షులు.

రైతు పార భుజాన పెట్టుకుని ముగ్గురి వంకా చూశాడు. తర్వాత పూల చొక్కాలో ఉన్న పోలినాయుడి వైపు తిరిగి, "ఈల్లని కాస్త పక్కకి జరగమను బావూ. నీటికి అడ్డొస్తన్నారు" అన్నాడు.

సాక్షి సహకరించలేదని రాసుకున్నారు.

పర్యటనలు సాగినకొద్దీ సమస్య పెరిగింది. పచ్చి పాలు తెల్లగా ఉన్నాయి. పచ్చి మాంసం ఎర్రగా ఉంది. పచ్చబొట్టు పొడిపించుకున్న ఒక ముసలమ్మ చెయ్యి చూస్తే అది నీలంగా ఉంది. ఆ చెయ్యిని సంఘం చాలాసేపు ఎండలో పట్టుకుని చూసింది. పచ్చడి సంగతి చూడబోతే ఆవకాయ ఒక రంగు, గోంగూర ఒక రంగు, కొబ్బరి ఒక రంగు. వీటన్నిటికీ కలిపి పచ్చి ఉపసంఘం ఒకటి వేశారు. పచ్చి అబద్ధానికి రంగు ఉందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు నమూనా పంపమని ప్రచార విభాగానికి రాస్తే, వాళ్ళు ఆలస్యం లేకుండా పంపించారు. ఉపసంఘం పరిశీలించి, నమూనా చాలా నాణ్యంగా ఉందనీ, రంగు మాత్రం కనబడలేదనీ నివేదించింది.

ఈలోగా సంఘానికి రెండంతస్తుల అద్దె భవనం తీసుకున్నారు. పట్నాయక్ ఇంటిపన్ను విభాగం నుంచి అక్కడికి బదిలీ అయ్యాడు. ఇంటిపన్ను విభాగంలో జనం రోజూ వచ్చి ఆయన్ని తిట్టిపోసేవారు. ఇక్కడ తిట్టడానికి ఎవరూ రారు. ఆయన ముఖంలో కళ వచ్చింది.

అప్పుడే మణిమాలగారికి ఒక అనుమానం కలిగింది. విచారణలో ఉన్న పదాన్ని జనం తమ ఇష్టం వచ్చినట్టు వాడుతుంటే ఫలితం ప్రభావితం కాదా? ఆకుకూరలవాళ్ళు రోజూ బజారులో అరవడం వల్ల పచ్చ అనే మాట ఆకు వైపు మొగ్గుతోందని ఆమె అధ్యక్షులకు చెప్పారు. పసుపు దంచేవాళ్ళ మాటేమిటని హయగ్రీవంగారు అధ్యక్షులను అడిగారు. అధ్యక్షులు ఇద్దరికీ న్యాయం చేశారు. "విచారణ ముగియునంతవరకు పురపాలక పరిధిలో పచ్చ అను పదమును గాని, తజ్జన్య పదములను గాని పలుకుట, వ్రాయుట, ప్రదర్శించుట నిషేధించడమైనది." కూడలి బోర్డు మీద కూడా ఆ మాట మీద కాగితం అంటించారు. అప్పటి నుంచి రెండో వాక్యం "దీపము వెలిగినయెడల కదలవలెను" అని మాత్రమే కనిపించేది. ఏదో ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి అందరూ కదులుతూనే ఉన్నారు.

బజారుకు శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పైడమ్మ అలవాటు ప్రకారం గొంతెత్తి కేక వేసింది.

"ఏమ్మా, ఆ మాట అనకూడదు."

"ఏ మాట బాబూ?"

"మిరపకాయల ముందు అన్నావు చూడు, అది."

"పచ్చి..."

"మళ్ళీ అన్నావు." ఆయన కాగితం తీసి చదివాడు. "అపక్వ మిరపకాయలు అని అమ్ముకో."

"అలగంటే కుళ్ళిపోనాయేమో అనుకుంటారు బాబూ. ఎవులు కొంటారు?"

"అది నా పరిధిలోకి రాదు."

ఆ రోజు నుంచి పైడమ్మ కేక వేయడం మానేసింది. మొగుడి కేసు ఇప్పటికే తేలక చస్తుంటే, దాని మీద తన కేసు ఒకటా అని ఆమె భయం. కొనేవాళ్ళు వచ్చి, "అవి ఇవ్వు" అనేవారు. "ఏవి?" "అవే, పేరు లేనివి." కాకరకాయలవాడూ దొండకాయలవాడూ గొంతెత్తి అమ్ముకుంటుంటే, ఆమె నోరు మూసుకుని వేలితో చూపించేది. సాయంత్రానికి సగం సరుకు బుట్టలోనే మిగిలిపోయేది. ఇంట్లో కూడా మాట తగ్గిపోయింది. అరిచి అరిచి బతికిన మనిషి ఊరుకుని కూర్చోవడం పోలినాయుడికి చూడబుద్ధి కాలేదు.

కల్యాణ మండపంలో ఒక పెళ్ళి జరిగింది. ఆఫీసు నుంచి ఒకతను పరిశీలకుడిగా వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. పెళ్ళికూతురి మామ్మ అక్షతలు వేస్తూ, "మీ కాపురం..." అని ఆగిపోయింది. పరిశీలకుడి వంక చూసింది. ఏ మాట వేసుకోవాలో తోచక, "మీ కాపురం ఉండాలి తల్లీ" అని పూర్తిచేసింది. అంతమాత్రం దీవెన విని పెళ్ళికూతురు ఏడుపు మొదలుపెట్టింది. వియ్యాలవారు ఇందులో ఏదో మతలబు ఉందని భోజనాల దగ్గర కూర్చోలేదు.

పైడమ్మ తమ్ముడు సూరిబాబు అదే వారంలో జబ్బుపడ్డాడు. తిండి సహించలేదు. కళ్ళు చూస్తే రోగమేమిటో దారినపోయేవాళ్ళు కూడా చెప్పగలరు. పోలినాయుడు బావమరిదిని పురపాలక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు కనురెప్ప కిందకి లాగి చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"ఏ రోగం బాబూ?"

"నీకు తెలుసు. నాకూ తెలుసు. రాయడానికే వీల్లేదు."

"ఒట్టి కామెర్లని రాసీండి బాబూ."

"అలాగే రాశాను మొన్నొకరికి. ఏ కామెర్లో నిర్ధారణ కాలేదని, నిర్ధారణ కాని రోగానికి మందులెలా ఇచ్చావని నాకు మెమో వచ్చింది. ఇంగ్లీషులో రాస్తే ఇంగ్లీషులో రాసినందుకు ఇంకో మెమో." డాక్టరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ పెట్టుకుని కూర్చోకు నాయుడూ. పక్క ఊరు పట్టుకెళ్ళిపో. అక్కడింకా రోగాలకు పేర్లున్నాయి."

బస్సులో సూరిబాబు పోలినాయుడి భుజం మీద తల వాల్చి పడుకున్నాడు. మధ్యలో వాంతి చేసుకుంటే పూల చొక్కా పాడైంది. పక్క ఊరి ఆసుపత్రిలో చేర్చుకుని సెలైను పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడి నర్సు అంది. పోలినాయుడు మంచం పక్కన బల్ల మీద కూర్చుని, ఆ పసుపుపచ్చ ముఖాన్ని చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. తాను గేరు మార్చిన ఆ ఒక్క క్షణం ఇంతదూరం వచ్చి, ఈ కుర్రాడి మంచం పక్కన నిలబడింది. తన మాట నెగ్గాలని ఆయనకు ఇక లేదు. ఉద్యోగం పోయినా ఫరవాలేదు. ఈ గొడవ ఆగిపోతే చాలు.

సూరిబాబు కాస్త తేరుకుని గంజి తాగగలిగిన రోజున పోలినాయుడు శుభ్రమైన తెల్లచొక్కా వేసుకుని సంఘం భవనానికి వెళ్ళాడు. ముగ్గురూ సమావేశంలో ఉన్నారు.

"బాబూ, తప్పు నాదే. పచ్చంటే ఆకుపచ్చే. నాను పసుపు సూసి కదిలిపోనాను. నన్ను ఉద్యోగంలోంచి తీసీండి. ఆ మాటని మాత్రం ఒగ్గీండి."

ఇది హయగ్రీవంగారి జీవితకాలపు విజయం. ఆయన సంతోషించబోయి, ఆగి, మణిమాలగారి వైపు చూశారు. ఆమె కూడా ఆయన వైపే చూస్తున్నారు. ఇన్నాళ్ళకు మొదటిసారి ఇద్దరూ నేరుగా మాట్లాడుకున్నారు.

"ఇలా అర్ధాంతరంగా తేల్చేయడం శాస్త్రీయం కాదండీ" అన్నారు హయగ్రీవంగారు.

"నేనూ అదే అనబోతున్నానండీ" అన్నారు మణిమాలగారు.

త్రివిక్రమరావుగారు గొంతు సవరించుకున్నారు. "నాయుడూ, ఒక పదానికి అర్థం తేల్చే అధికారం నీకెవరిచ్చారు? అర్థం నిర్ధారణ కాని పదం మీద ఇచ్చిన ఒప్పుకోలు అర్థరహితం. దాన్ని సంఘం స్వీకరించదు."

"పోనీ, తప్పు బోర్డుదని రాసీండి బాబూ. ఏదో ఒకటి రాసీండి."

ఈసారి ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు. ఎవరేమన్నారో ఆయనకు సరిగ్గా వినబడలేదు గానీ, బయటకు వెళ్ళమన్న ముక్క మాత్రం తెలిసింది.

వరండాలో పట్నాయక్ ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. "ఎంత పని చేశావు నాయుడూ. నీ కేసు తేలిపోతే ఈ భవనం ఉంటుందా? మేమందరం మళ్ళీ ఇంటిపన్నుకి పోవాలి. నువ్వు నిర్దోషివైనా మాకు కష్టమే, దోషివైనా కష్టమే. కొంచెం ఓపిక పట్టు బాబూ. నేను రిటైరయ్యేదాకా పట్టు."

పోలినాయుడికి కోపం రాలేదు. ఆ మనిషి కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరుగుతున్నాయి. ఆయన మీద జాలిపడాలో, తన మీద తాను జాలిపడాలో తెలియక, "సర్లెండి" అని వచ్చేశాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకు సంఘం రాజధానికి బయలుదేరింది. ఇక్కడి అనుభవం పైవారికి నచ్చిందనీ, దాన్ని విస్తరించే పథకంతో రమ్మన్నారనీ త్రివిక్రమరావుగారికి కబురొచ్చింది. కారు మామూలు ప్రకారం పోలినాయుడే నడుపుతున్నాడు. వెనక సీట్లో ఇప్పుడు హయగ్రీవంగారు, మణిమాలగారు పక్కపక్కన కూర్చుని పల్లీలు పంచుకుంటున్నారు. ముందు సీట్లో అధ్యక్షులు పథకం వివరిస్తున్నారు.

"రెండో దశలో ఎర్ర తీసుకుందాం. ఎర్రగా కాలిందంటారు, ఎర్రగా ఉందంటారు, ఎర్రగా చూశాడంటారు. ఇంత విచ్చలవిడితనం పనికిరాదు."

"తెలుపు కూడా చేర్చండి" అన్నారు మణిమాలగారు. "తెల్లవారడం ఉంది కదండీ. రోజూ జరుగుతున్నా ఎవరూ పరిశీలించలేదు."

"తెల్లవారడాన్ని నిలిపివేయాలంటారా?"

"తాత్కాలికంగా."

అధ్యక్షులు తల ఊపారు. "నలుపుకు నమూనాలు సులభం. ప్రతి ఇంట్లో నల్లపూసలున్నాయి. నల్లగా ఉన్నాయో లేదో పరిశీలించి, రసీదు ఇచ్చి తిరిగి ఇచ్చేద్దాం. మొదట మన సిబ్బంది కుటుంబాల నుంచి సేకరిస్తే ఊరికి ఆదర్శంగా ఉంటుంది. ఏం నాయుడూ, మీ ఆవిడవి కూడా ఇవ్వొచ్చు కదా?"

పోలినాయుడికి పైడమ్మ మెడ గుర్తొచ్చింది. సరుకు అమ్ముడుపోని సాయంత్రాలు, మాటా పలుకూ లేకుండా ఆ పూసలనే వేలికి చుట్టుకుంటూ కూర్చునే పైడమ్మ గుర్తొచ్చింది. ఆయన అద్దంలో వెనక చూసుకుని, చెయ్యి బయటపెట్టి వెనకవాళ్ళకు సైగ చేసి, కారును నెమ్మదిగా రోడ్డు పక్కకు తీశాడు. టీ దుకాణం పక్కన నీడలో ఆపాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. గాలి వస్తుందని నాలుగు అద్దాలూ దించాడు. తాళం తీసి, రెండు చేతులతో త్రివిక్రమరావుగారికి అందించాడు.

"ఏమిటిది?"

"తాళం బాబూ. నానింటికి ఎల్తన్నాను."

"సస్పెన్షన్‌లో ఉన్నవాడు రాజీనామా చేయడానికి వీల్లేదు."

"రాజీనామా కాదు బాబూ. ఇంటికి ఎల్తన్నాను, అంతే. ఇస్కూలు బండి తోలడానికి మడిసి కావాలంటన్నారు. రేపట్నించి అక్కడికి ఎల్తాను."

"నిర్ధారణ ఇంకా పూర్తికాలేదయ్యా" అన్నారు హయగ్రీవంగారు వెనక నుంచి, దాదాపు బతిమాలుతూ. "నువ్వు లేకపోతే సంఘానికి ఆధారమేమిటి?"

"అంతమంది సదూకున్నోళ్ళున్నారు. నానేటి ఆధారం బాబూ."

మణిమాలగారు పల్లీల పొట్లం పక్కన పెట్టి, "మాలో ఎవరికీ నడపడం రాదు నాయుడుగారూ" అన్నారు. ఇన్ని పర్యటనల్లో ఆయన్ని ఎవరైనా గారూ అనడం అదే మొదలు.

పోలినాయుడు ఒక క్షణం నిలబడ్డాడు. నడిరోడ్డు మీద ఎవరినైనా వదిలేసి వెళ్ళడం ఆయనకు చేతగాని పని. టీ దుకాణం అతనికి ముగ్గురినీ చూపించి, "పెద్దోళ్ళు, కాస్త కనిపెట్టుండు. నీళ్ళడిగితే ఇయ్యి" అని అప్పజెప్పాడు. అప్పుడే కొండవాగుపేట వైపు వెళ్ళే బస్సు వచ్చింది. చెయ్యెత్తి ఆపి ఎక్కాడు. బస్సులో డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ రోడ్డునే చూస్తూ పోయే మనిషి, ఆ రోజు పక్కన పారిపోతున్న పొలాలు చూస్తూ వెళ్ళాడు. ఏ మడి ఏ రంగులో ఉందో ఆలోచించలేదు. చల్లటి గాలి వస్తుంటే కాసేపు నిద్ర కూడా పట్టింది.

ఇంటికి వెళ్ళేసరికి సూరిబాబు అరుగు మీద కూర్చుని మజ్జిగన్నం తింటున్నాడు. కళ్ళు చాలావరకు తెల్లబడ్డాయి. పైడమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. మొగుడు నడిచి రావడం చూసి చెయ్యాపింది.

"కారేది మావా?"

"రోడ్డు మీదున్నాది."

"మరి ఆళ్ళో?"

"ఆళ్ళూ కార్లోనే ఉన్నారు."

"మరి ఎవులు తోల్తారు?"

పోలినాయుడు చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, ఆమె పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. చాటలోంచి గుప్పెడు పచ్చిమిరపకాయలు తన ముందుకు లాక్కున్నాడు.

"దానికీ ఓ సంఘం ఏసుకుంటారులే" అన్నాడు.